అంగుళం దూరం

జూలై 9, మంగళవారం

ఇవాళ స్టూడియో తెరిచాను. తాళం కాసేపు మొరాయించింది. లోపల మూసిపెట్టిన గది వాసన. కెమెరా, లెన్సులు పెట్టెలో క్షేమంగా ఉన్నాయి. నేనూ క్షేమంగానే ఉన్నాను.

పని పాతదే. పిల్లల పాఠ్యపుస్తకానికి పువ్వుల ఫోటోలు, సెలవు పెట్టకముందే ఒప్పుకున్నవి. ప్రతి పువ్వుకీ రెండు ఫోటోలు కావాలి. ఒకటి మొత్తం పువ్వు. రెండోది అంగుళం దూరం నుంచి, పుప్పొడి గింజ గింజగా కనిపించేంత దగ్గరగా.

అప్పుడే పనేమిటని ఇంట్లో ఎవరూ అనలేదు. అత్తయ్య టిఫిన్ డబ్బా సర్దిచ్చారు. ఆయన గుమ్మం దాకా వచ్చి "మెల్లగా" అన్నారు. నడవడం మెల్లగానో ఇంకేది మెల్లగానో చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఒకసారి రాసేస్తే అయిపోతుంది కాబట్టి రాసేస్తాను. పోయిన నెల పాప పుట్టింది. కడుపులోనే పోయిందని ముందురోజే చెప్పారు కాబట్టి ఏడవదని మాకు తెలుసు. నర్సు బట్టలో చుట్టి తెచ్చి "చూస్తారామ్మా?" అంది. వద్దన్నాను. "పోనీ ఒక్క ఫోటో తీసి ఉంచుకోండి, తర్వాత చూడాలనిపిస్తుంది" అంది. వద్దన్నాను. మా ఆయన జేబులోంచి ఫోన్ సగం తీసినవారు నా మొహం చూసి మళ్లీ లోపల పెట్టేసుకున్నారు. పాపను ఎత్తుకుని కిటికీ దగ్గరికి వెళ్లారు. నాకు ఆయన వీపు కనిపించింది. నీలం చొక్కా. అత్తయ్య వచ్చేసరికే అంతా అయిపోయింది.

అంతే. ఇంక దీని గురించి రాయను.

జూలై 10, బుధవారం

లిల్లీ. తెల్లది. లైటు ఎక్కువైతే గోడకు సున్నం వేసినట్టు వస్తుంది, తక్కువైతే మాసిన బట్టలా వస్తుంది. బాగానే వచ్చింది. ఏమీ అనిపించలేదు.

జూలై 12, శుక్రవారం

కింద వాళ్ల మీద ఒళ్లు మండింది.

కింద బట్టలు కుట్టే షాపు. మిషన్లు నడిస్తే పైన మా నేల వణుకుతుంది. మామూలు ఫోటోకి ఫర్వాలేదు గానీ అంగుళం దూరంలో ఆ వణుకు పువ్వుకు భూకంపమే. అందుకని మాకెప్పటి నుంచో ఒక ఒప్పందం. నేను చీపురు కర్రతో నేల మీద ఒకసారి కొడితే మిషన్లు ఆపుతారు, రెండుసార్లు కొడితే మళ్లీ మొదలుపెడతారు. మధ్యలో గుండీలు కుట్టుకుంటారు, టీ తాగుతారు, నన్ను తిట్టుకుంటారు. షాపు ఆవిడని నేను సూదులక్క అంటాను. పెదాల మధ్య ఎప్పుడూ గుండుసూదులు ఉంటాయి. వాటి సందులోంచే మాట్లాడుతుంది, నవ్వుతుంది, అవతలివాళ్లని దులిపేస్తుంది. ఒక్క సూదీ జారిపడగా చూడలేదు.

ఈ మంగళవారం నుంచి నేను మెట్లెక్కుతున్న చప్పుడు వినగానే మిషన్లన్నీ ఆగిపోతున్నాయి. నేను దిగి వెళ్లేదాకా చడీచప్పుడూ ఉండదు. ఇవాళ కిందికి వెళ్లాను.

"ఏంటక్కా, కరెంటు పోయిందా?"

"లేదమ్మా. నువ్వొచ్చావని..."

"నేనొస్తే ఆపడమేంటి? కొడితే కదా ఆపాలి."

మిషన్ల ముందున్న ఆడపిల్లలు తలలు వంచేసుకున్నారు. సూదులక్క నోట్లోంచి సూదులన్నీ తీసి చేతిలో పెట్టుకుని, "సరేనమ్మా. నీ ఇష్టం ఎలా ఉంటే అలాగే" అంది. ఆవిడ సూదులు తీసి మాట్లాడిందంటే ఎదుటివాళ్ల ఇంట్లో ఏదో జరిగిందన్నమాట. మా ఇంట్లో జరిగి నెల కావస్తోంది. ఇంకా ఎందుకు?

పైకొచ్చి గులాబీ తీశాను. రేకు కింద పేనుబంక పురుగులున్నాయి, లెన్సులో చూసేదాకా తెలియలేదు. కుంచెతో తుడిచేశాను.

జూలై 15, సోమవారం

భోజనాల దగ్గర అత్తయ్య అడిగారు. "ఒక్క పువ్వుకి పూటంతా ఎందుకు పడుతుంది అమ్మాయ్? నా పెళ్లికి ఫోటోలాయన ఊరందర్నీ కలిపి ఒక్క నొక్కుతో తేల్చేశాడు."

చెప్పాను. అంత దగ్గరికి వెళ్లాక లెన్సుకు ఒక్క వెంట్రుక మందం మేర మాత్రమే తేటగా కనిపిస్తుంది. దాని ముందూ వెనకా అంతా మసకే. అందుకని కెమెరాను చిన్న పట్టాల మీద కూర్చోబెట్టి, పువ్వులో మనకు అన్నిటికన్నా దగ్గరగా ఉన్న చోట మొదలుపెట్టాలి. ఒక్కో వెంట్రుక మందం ముందుకు జరుపుకుంటూ చిట్టచివరి రేకు దాకా తీసుకుంటూ పోవాలి. తర్వాత వాటన్నిటినీ కంప్యూటర్‌లో ఒకదాని మీద ఒకటి పేరిస్తే అప్పుడు పువ్వు మొత్తం తేటగా వస్తుంది. మధ్యలో పువ్వు కదిలిందా, చేసిందంతా వృథా. ఫ్యాను వేయకూడదు, అటూ ఇటూ తిరగకూడదు, ఊపిరి కూడా చూసుకుని వదలాలి.

"అయితే నన్నెప్పుడూ రమ్మనకు తల్లీ. నేను ఊరికే కూచున్నా మోకాళ్లు మాట్లాడతాయి" అన్నారు అత్తయ్య.

ఆయన నవ్వారు. ఆయనది లిఫ్టులు బాగుచేసే పని. ఇవాళ ఒక లావుపాటి వకీలు రెండు అంతస్తుల మధ్య ఇరుక్కుపోయి, భయం తెలియకుండా ఉండటానికి లోపల పాటలు పాడుకున్నాడట. తలుపు తీశాక కూడా చరణం పూర్తయ్యేదాకా బయటికి రాలేదట. నేనూ నవ్వాను. నవ్వాల్సిన చోటే నవ్వాననుకుంటాను.

ప్లేట్లు కడుగుతుంటే ఆయన పక్కకొచ్చి నిలబడ్డారు. "ఇదిగో, నీకొక మాట చెప్పాలి. పాప..."

"గ్యాస్ కట్టేశారా?" అన్నాను.

వెళ్లి చూసొచ్చారు. కట్టేసే ఉంది. తర్వాత తడి ప్లేట్లు గుడ్డతో తుడిచారు. పెళ్లయినప్పటి నుంచి ప్లేటు తుడిచిన మనిషి కాదు.

జూలై 18, గురువారం

మందారం. పాఠ్యపుస్తకం ఎడిటరమ్మ ఫోన్ చేసింది. ఆవిడను నేనెప్పుడూ చూడలేదు, గొంతే పరిచయం. గుక్కతిప్పుకోకుండా మాట్లాడుతుంది.

"ఈ ఒక్కటీ నిలువుగా కోసిన పువ్వు కావాలండీ. అండాశయం లోపలివి కూడా కనిపించాలి. పిల్లలు బాణం గుర్తులు పెట్టి పేర్లు రాసుకుంటారు."

సరేనన్నాను. కొత్త బ్లేడు తీసుకున్నాను. పువ్వు అడుగున ఆకుపచ్చగా చిన్న బుడిపె, అదే అండాశయం. బ్లేడుకి అడ్డు తగిలినట్టే లేదు, అంత మెత్తన. లోపల తెల్లగా, వరసగా ఉన్నాయి. లైటు పక్కనుంచి పెట్టాను. నేల మీద కొట్టాను, మిషన్లు ఆగాయి. తీశాను. రెండుసార్లు కొట్టాను, మిషన్లు మొదలయ్యాయి. ఏమీ అనిపించలేదు. అనిపించకపోవడమే మంచిది, చెయ్యి వణకదు.

ఫోన్ పెట్టేసే ముందు ఎడిటరమ్మ, "అయ్యో, అసలు సంగతి అడగనేలేదు! బాబా, పాపా?" అంది.

"పాప" అన్నాను.

"అబ్బ! ఎంత చల్లని మాట చెప్పారండీ. అప్పుడే పనిలోకి వచ్చేశారే, పాపని ఎవరు చూసుకుంటున్నారు?"

"ఇంట్లో మా అత్తయ్య ఉన్నారు."

"అదృష్టవంతులు" అంది.

పాప అన్నాను. ఇంట్లో అత్తయ్య ఉన్నారన్నాను. రెండూ అబద్ధాలు కావు.

జూలై 19, శుక్రవారం

ఎడిటరమ్మకి ఫోన్ చేసి చెప్పేయాలి.

జూలై 20, శనివారం

చేయలేదు. ఆవిడా చేయలేదు కదా.

జూలై 24, బుధవారం

చామంతి. అందరూ ఒక్క పువ్వు అనుకుంటారు గానీ మధ్యలో పచ్చగా ఉండేవన్నీ వేటికవే చిన్న చిన్న పువ్వులు. అన్నీ తేటగా రావడానికి మధ్యాహ్నమంతా పట్టింది. మెడ పట్టేసింది.

ఎడిటరమ్మ మందారం చూసి మురిసిపోయింది. పుస్తకం అట్ట మీద అదే వేస్తారట. తర్వాత మళ్లీ మొదలుపెట్టింది.

"ఎవరి పోలికండీ పాప?"

అవతల ఆవిడ ఎదురుచూస్తోంది. ఎవరి పోలిక అని అడిగితే ఏ తల్లయినా ఆలోచించకుండా చెప్పేస్తుంది.

"ముక్కు మాత్రం నాదే" అన్నాను.

"చూశారా! ఆడపిల్లకి ఏదో ఒకటి తల్లిది వస్తుంది. ఒక ఫోటో పంపండీ. మీరే ఫోటోగ్రాఫరు అయ్యుండి మమ్మల్ని ఊరిస్తే ఎలాగ?"

"కాస్త పెద్దదయ్యాక" అన్నాను.

సాయంత్రం బాత్‌రూమ్ అద్దంలో నా ముక్కు చూసుకున్నాను. సూటిగా, కొంచెం పొడుగ్గా ఉంటుంది. ఆడపిల్లకి బాగానే ఉంటుంది.

జూలై 26, శుక్రవారం

చంద్రకాంత మొగ్గతో రోజు పాడైంది. మొగ్గగానే కావాలన్నారు. సాయంత్రం విచ్చుకునే పువ్వని తెలిసీ మధ్యాహ్నం దాటాక మొదలుపెట్టడం నాదే బుద్ధి తక్కువ. సగం తీసేసరికి నెమ్మదిగా విచ్చుకోవడం మొదలైంది. కంటికి తెలియలేదు. కంప్యూటర్‌లో పేర్చి చూస్తే ప్రతి అంచూ రెండుగా ఉంది. మొగ్గా కాదు, పువ్వూ కాదు. అన్నీ చెరిపేశాను.

ప్రాణమున్న వాటితో ఇదే తంటా. రేపు ఉదయమే తీయాలి.

జూలై 29, సోమవారం

ఎడిటరమ్మ. నిజానికి ఇవాళ ఫోన్ నేనే చేశాను. చంద్రకాంత పంపానని చెప్పడానికి. మెయిల్‌లో రాసినా సరిపోయేది.

"నిద్రపోతోందా?" అంది.

"ఇప్పుడే పడుకుంది."

"జుట్టుందా, లేక మా వాడిలా గుండేనా?"

"బోలెడు. నల్లగా, ఒత్తుగా. నవ్వితే ఎడం బుగ్గ మీద సొట్ట కూడా."

"ఇంత చిన్నప్పుడే నవ్వుతోందా!"

"నిద్రలో" అన్నాను.

ఫోన్ పెట్టేశాక కాసేపు బాగుంది. అబద్ధమెందుకు, నిజంగానే బాగుంది. ఆస్పత్రి నుంచి వచ్చాక ఇలా అనిపించడం ఇదే మొదటిసారి. ఎవరికి నష్టం? ఆవిడ ఎక్కడో ఉంటుంది, నేనెక్కడో ఉంటాను.

పొద్దున మర్చిపోయిన టిఫిన్ డబ్బా మెట్ల మీద పెట్టి ఉంది. ఎవరు తెచ్చారో పైకి రాకుండానే వెళ్లిపోయారు.

ఆగస్టు 1, గురువారం

ఆయన ఇంట్లో ఉన్నారని నాకు తెలియదు. లోపలి గదిలో ఆరిన బట్టలు మడతపెడుతూ, ఫోన్ స్పీకర్‌లో పెట్టి ఎడిటరమ్మతో మాట్లాడుతున్నాను. ఆవిడ అడిగింది కూడా కాదు. నేనే చెబుతున్నాను. ముక్కు నాదేనని, గడ్డం కూడా నాదేనని, స్నానం చేయిస్తే పాట పాడినంత రాగం తీస్తుందని.

"కాదు."

గుమ్మంలో ఆయన నిలబడి ఉన్నారు. వెనక హాల్లో అత్తయ్య. ఫోన్ కట్ చేశాను.

"ముక్కు నీది కాదు. అమ్మది" అన్నారు.

అత్తయ్య చెయ్యి తనంతట తానే ముక్కు మీదికి వెళ్లింది. ఆవిడకీ అప్పుడే తెలిసింది. అక్కడే ఒక్క క్షణం నిలబడి, వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పారు. చాలాసేపు కట్టలేదు.

"ఎన్నాళ్ల నుంచి ఇలా చెబుతున్నావు?"

"ఆవిడ అడుగుతుంటే ఏదో ఒకటి చెప్పాలి కదా."

"జరిగింది చెప్పొచ్చు కదా."

నేను తువ్వాలు మడతపెట్టాను. విప్పి మళ్లీ మడతపెట్టాను.

"మొన్న డబ్బా తెచ్చినప్పుడు మెట్ల మీదే విన్నాను. సొట్ట అన్నావు. సొట్ట లేదు. లేదని నాకు బాగా తెలుసు. కానీ ఆ రోజు నుంచి ఎప్పుడు గుర్తుచేసుకున్నా సొట్టతోనే వస్తోంది. ఒత్తు జుట్టుతో వస్తోంది. నా దగ్గరున్నది ఆ ఒక్క మొహమే. ఫోటో లేదు, ఇంకెవరూ చూడలేదు. అదే రోజురోజుకీ మసకబారిపోతోందని నేను ఏడుస్తుంటే, దాని మీద నువ్వు ఇంకోటి గీస్తున్నావు."

ఆయన గొంతు పెంచలేదు. ఎప్పుడూ పెంచరు. లిఫ్టులో ఇరుక్కున్నవాళ్లు భయపడతారని అలవాటు చేసుకున్న గొంతు.

"ఆ రోజే ఒక ఫోటో తీసుంటే..." అన్నాను.

"నువ్వు వద్దన్నావు" అన్నారు. నిందవేసినట్టు కాదు, గోడకి మేకుందని చెప్పినట్టు చెప్పారు.

అవును. వద్దన్నాను. పువ్వు కింద పేనుబంకను కూడా వదలకుండా చూసేదాన్ని, నా పిల్లను వద్దన్నాను. భయమేసింది. ఒకసారి చూస్తే ఇక జన్మలో ఇంకేమీ చూడలేనేమోనని భయమేసింది. అది భయమని ఇప్పుడు రాస్తుంటే తెలుస్తోంది. ఇన్నాళ్లూ ధైర్యం అనుకున్నాను.

ఆగస్టు 2, శుక్రవారం

ఆయన టీ తాగకుండా వెళ్లిపోయారు. ఎడిటరమ్మ ఫోన్ చేసింది. ఎత్తలేదు. గన్నేరు తీశాను.

ఆగస్టు 3, శనివారం

ఆయనకి మసకబారడానికైనా ఒక మొహం ఉంది. నాకు నీలం చొక్కా వీపు ఉంది. అదైతే చాలా తేటగా ఉంది, కాలరు దగ్గర ఊడిన దారం కూడా కనిపిస్తుంది.

ఆగస్టు 5, సోమవారం

ఇవాళ ఒక పొరపాటు చేశాను.

శంఖుపువ్వు బిగించి, నేల మీద ఒకసారి కొట్టాను. మిషన్లు ఆగాయి. మొదటి ఫోటో తీశాను. తర్వాత స్టూలు మీద కూర్చున్నాను. అంతే. పువ్వు వైపు చూస్తూ ఉన్నానో, ఎటు చూస్తూ ఉన్నానో తెలియదు. ఏం ఆలోచించానంటే ఏమీ ఆలోచించలేదు. లైట్లు వెలుగుతూనే ఉన్నాయి. కిటికీలో ఎండ ఈ గోడ నుంచి ఆ గోడకి పోయింది.

తలుపు తట్టి సూదులక్క లోపలికొచ్చింది. నోట్లో సూదులు ఉన్నాయి.

"ఏమ్మా, బతికే ఉన్నావా? పొద్దున కొట్టావు. రెండోసారి కొడతావేమోనని పిల్లలందరూ చేతులు కట్టుకుని కూచున్నారు. గుండీలు అయిపోయాయి, టీలు అయిపోయాయి, నిన్ను తిట్టుకోవడం కూడా అయిపోయింది. సాయంత్రం ఇవ్వాల్సిన బట్టలు ఎక్కడివక్కడే ఉన్నాయి."

పువ్వు వంక చూశాను. లైట్ల వేడికి వాడి, వేలాడిపోయింది.

"మర్చిపోయానక్కా" అన్నాను. అని లేవబోయాను, కాళ్లు తిమ్మిరెక్కి లేవలేకపోయాను. నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూనే, "ఆయన మర్చిపోతున్నారక్కా. పాప మొహం. చూసింది ఆయనొక్కరే. నేను అడక్కుండా ఉంటే మొత్తం పోతుంది" అన్నాను. ఎవరితోనూ అననిది ఆవిడతో ఎందుకన్నానో తెలియదు.

"మరి అడుగు."

"నేనే కదా వద్దన్నది. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని అడగను?"

"అప్పుడు వద్దన్నావు, ఇప్పుడు కావాలను. జనం కొలతలిచ్చి వెళ్లి, సగం కుట్టాక వచ్చి చేతులు పొడుగు కావాలంటారు. విసుక్కుంటాను. విసుక్కుని విప్పి మళ్లీ కుడతాను. మీ ఆయన మాత్రం ఏం చేస్తాడు, మహా అయితే విసుక్కుంటాడు." సూదులు నోట్లోంచి తీయలేదు ఈసారి. "ముందు ఆ రెండు దెబ్బలు కొట్టమ్మా, నీకు పుణ్యముంటుంది."

చీపురు కర్ర తీసుకుని కొట్టాను. ఒకటి, రెండు. ఆవిడ మెట్లు దిగకముందే కింద మిషన్లన్నీ ఒక్కసారిగా మొదలయ్యాయి.

ఆగస్టు 6, మంగళవారం

ఎడిటరమ్మకి చెప్పాను. రెండే వాక్యాలు. పాప పుట్టకముందే పోయింది. మీకు చెప్పినవన్నీ నేను కల్పించినవి.

గుక్కతిప్పుకోని మనిషికి మాట రాలేదు. తర్వాత ఏడ్చింది. "నేను మిమ్మల్ని అన్నిసార్లు అడిగానండీ, అన్నిసార్లు..." అంటుంది, మళ్లీ ఏడుస్తుంది. మీ తప్పేమీ లేదని నేనే ఓదార్చాను. కొన్నాళ్లుగా చూస్తున్నాను, నా దగ్గరికి వచ్చి ఏడ్చేవాళ్లందర్నీ నేనే ఊరుకోబెట్టాల్సి వస్తోంది.

"ముక్కు కూడా...?" అంది చివర్లో.

"ముక్కు మా అత్తయ్యదట" అన్నాను.

ఆగస్టు 7, బుధవారం

ఈ రాత్రికి అడుగుదామనుకున్నాను. భోజనం మధ్యలో ఎక్కడో లిఫ్టు ఆగిందని పిలుపొచ్చి ఆయన వెళ్లిపోయారు. తిరిగొచ్చేసరికి నిద్రపోతున్నట్టు పడుకున్నాను. ఆయనకీ తెలుసు నేను నిద్రపోలేదని.

ఆగస్టు 9, శుక్రవారం

అడగలేదు.

అత్తయ్య వంటింట్లో కత్తిపీట ముందు కూర్చుని, తల ఎత్తకుండా, "వాడు చెబుతానన్నప్పుడు విను అమ్మాయ్. ఒకసారి ఆగిపోతే మళ్లీ చెప్పే రకం కాదు వాడు. వాళ్ల నాన్న కూడా అంతే, చెప్పాల్సినవన్నీ కడుపులో పెట్టుకునే పోయాడు" అన్నారు. తర్వాత నా వైపు తిరిగి, "నిజంగా నా ముక్కేనా? ఈ ముక్కు పట్టుకుని నన్ను చిన్నప్పుడు ఎంత ఏడిపించేవాళ్లో" అన్నారు. నవ్వబోయి కళ్లు తుడుచుకున్నారు. నేను పక్కన కూర్చున్నాను.

ఆగస్టు 11, ఆదివారం

ఉదయం ఆయన్ని స్టూడియోకి రమ్మన్నాను. ఎందుకని అడగలేదు, చొక్కా మార్చుకుని వచ్చారు. ఆదివారం కాబట్టి కింద షాపు మూసి ఉంది.

పువ్వు పెట్టే బల్ల ముందు స్టూలు వేశాను. కూర్చుని చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మోకాళ్ల మీద పెట్టుకున్నారు. లైట్లు వేయలేదు. కెమెరా పెట్టెలోంచి తీయలేదు.

"ఎలా ఉందో చెప్పండి" అన్నాను.

ఆయన తలెత్తి నా వంక చూశారు. విసుక్కుంటారనుకున్నాను. విసుక్కోలేదు.

"రావట్లేదు. మొత్తం మొహాన్ని ఒకేసారి పట్టుకుందామంటే జారిపోతోంది. నువ్వు చెప్పిందే అడ్డమొస్తోంది." నుదురు రుద్దుకున్నారు. "ఆలస్యమైపోయిందేమో."

నిజంగా పోయిందనుకున్నాను. పిల్లను చూడనన్న రోజు వేసిన భయం కన్నా ఇది పెద్దది.

"మొత్తం వద్దు. ఎత్తుకున్నప్పుడు మీ కళ్లకి అన్నిటికన్నా దగ్గరగా ఏముంది? అదొక్కటే చెప్పండి."

ఆయన ఆలోచించారు. ఆలోచిస్తుంటే ఎడమ చెయ్యి మోకాలి మీది నుంచి లేచి, మోచేతి దగ్గర వంగి, అలాగే ఆగింది. పాప తల అక్కడ ఉండేదన్నమాట.

"ముక్కు కొస" అన్నారు.

"దాని సంగతే చెప్పండి. ఇంకేమీ చూడకండి."

"కొంచెం వెడల్పు. అమ్మకున్నట్టే కొస కాస్త అణిగి ఉంది. దాని మీద తెల్లటి చుక్కలు, రవ్వంత రవ్వంత. ఉప్పు రవ్వలేమోనని వేలితో తుడిచాను. పోలేదు. చర్మం లోపలివి."

"తర్వాత?"

"పై పెదవి. మధ్యలో చర్మం కొద్దిగా లేచింది, చలికాలం మనకి లేస్తుందే, అలాగ. రంగు ముదురు ఎరుపు. బాగా ముదురు." అక్కడ కాసేపు ఆగారు. నేను గ్యాస్ గురించి అడగలేదు. "బుగ్గలు. సొట్ట లేదు. నున్నగా ఉన్నాయి. నువ్వు చెప్పిన సొట్ట నవ్వినప్పుడు కదా. నవ్వలేదు కాబట్టి ఉండేదో లేదో నాకెలా తెలుస్తుంది? కానీ నేను చూసినప్పుడు లేదు."

"సరే. లేదు."

"కనురెప్పలు మూసి ఉన్నాయి. వెంట్రుకలు ఉన్నాయా అంటే ఉన్నాయి, వెలుతురులో పక్కకి తిప్పితే తెలిశాయి. అందుకే కిటికీ దగ్గరికి తీసుకెళ్లాను."

అందుకా వెళ్లింది. నేను ఇన్నాళ్లూ నాకు కనపడకుండా దాచడానికి వెళ్లారనుకున్నాను.

"నుదుటి మీద మడతలు. ఇదే నీకు చెబుదామని ఎన్నిసార్లు అనుకున్నానో. చిన్నపిల్లల్లా ప్రశాంతంగా ఏమీ లేదు. చిరాకుగా ఉంది. నువ్వు పని చేస్తుంటే ఎవరైనా తలుపు తోస్తే చూస్తావే, ఒక చూపు, అచ్చం అదే. నాకు నవ్వొచ్చింది. ఆ టైములో నాకు నవ్వొచ్చిందని ఎవరికి చెప్పను?"

అప్పుడు ఏడ్చాను. ఇన్నాళ్లకు ఏడ్చాను. ముక్కు కారుతూ, గొంతు పోయేలా, నేల మీద కూర్చుని ఏడ్చాను. ఆయన స్టూలు మీది నుంచి లేవలేదు. ఎడమ చెయ్యి దించలేదు. దించితే మిగతాది పోతుందని భయమేమో. నేను ఆగేదాకా అలాగే ఉన్నారు.

"ఇంకా ఉందా?" అన్నాను.

"జుట్టు ఒత్తుగా ఏమీ లేదు. తడిసి అంటుకుపోయి ఉంది, నాలుగు పాయలు. చెవి దగ్గర ఒకటి వంకర తిరిగింది. ఎడం చెవి. పై అంచు లోపలికి మడత పడింది. వేలితో తీశాను, మళ్లీ అలాగే ముడుచుకుంది. రెండుసార్లు తీశాను."

"కుడి చెవి?"

వంచిన చేతి వంక చూసుకున్నారు. ఛాతీ వంక చూసుకున్నారు.

"అది నాకు ఆనుకుని ఉంది. తిప్పి చూడలేదు."

"అస్సలు తెలీదా?"

"తెలీదు."

ఎడం చెవిలాగే ఉండి ఉంటుందని ఆయన అనలేదు. నేనూ అనలేదు.

ఇంటికొచ్చాక ఆయన చెప్పినవన్నీ అదే వరసలో అత్తయ్యకి చెప్పాను, ముక్కు కొస నుంచి ఎడం చెవి మడత దాకా. ఎక్కడైనా తప్పితే ఆయన సరిదిద్దారు. కుడి చెవి సంగతి అత్తయ్య కూడా అడిగారు. మాకు తెలియదన్నాం, ఇద్దరం.